నల్లగుడ్డ మీద నాయన

మొన్న ప్రొద్దుటూరులో ఒక పెళ్లి రిసెప్షనుకు వెళ్లాను. భోజనాలకు ఇంకా పిలవలేదు. వేదిక మీద మైకు పట్టుకున్న కుర్రాడు జోకులు చెప్పి చెప్పి అలసిపోయి, "మీలో ఒకరు పైకి రావాలి! ఎవరైనా సరే!" అని కేక వేశాడు. జనం నవ్వుతూ పక్కవాళ్లను తోస్తున్నారు. నాకు మాత్రం అరచేతులు చల్లబడ్డాయి. ఎవరు లేస్తారో చూడకూడదని తల వంచుకుని కూర్చున్నాను. మా ఆడపడుచు నా ముఖం చూసి, "ఏంది వదినా, షుగరు పడిపోయిందా?" అంటూ సంచిలోంచి బిస్కెట్టు తీసి చేతిలో పెట్టింది. బిస్కెట్టుతో పోయే జబ్బు కాదని ఆమెతో ఏం చెబుతాను? తిని ఊరుకున్నాను.

"మీలో ఒకరు పైకి రావాలి" అన్న మాట నేను మొదట విన్నది మా డ్రాయింగ్ సారు నోట. ఆయన పోయి కూడా చాలాకాలమైంది. పేరు చెప్పను. బతికున్నన్నాళ్లు బజారులో తన పేరు గట్టిగా పిలవనిచ్చేవాడు కాదు. పోయాక నేనెందుకు పిలవాలి?

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు బడిలో ఆయన డ్రాయింగు చెప్పేవాడు, నేను తెలుగు చెప్పేదాన్ని. నేను చేరిన రోజున స్టాఫ్ రూములో అందరూ కుర్చీలు లాక్కుని కూర్చుంటే ఆయన ఒక్కడే గోడకు వీపు ఆనించి నిలబడి టీ తాగుతున్నాడు. తర్వాత తెలిసింది, ఆయన ఎక్కడైనా అంతే. హోటల్లో తలుపు కనబడే చోట తప్ప కూర్చోడు. బస్సులో డ్రైవరు వెనక సీటు దొరక్కపోతే దిగి ఇంకో బస్సు చూసుకుంటాడు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే తిరగడు. కొంచెం దూరం నడిచి, ఏదైనా అంగడి ముందు ఆగి, సామాన్లు చూస్తున్నట్టు నటిస్తూ అప్పుడు ఓరగా చూస్తాడు. అప్పటికి పిలిచినవాళ్లకు విసుగొచ్చి వెళ్లిపోయి ఉంటారు.

అన్నిటికన్నా వింత ఆయన మీసం, అంటే మీసం లేకపోవడం. మా వైపు మగవాడు మీసం తీసేస్తే ఇంట్లో ఎవరు పోయారని అడుగుతారు. ఈయన రోజూ పొద్దున్నే పైపెదవి నున్నగా గీసుకుని వచ్చేవాడు. పిల్లలు వెనకాల వెక్కిరించేవాళ్లు. నేనూ ఒకరోజు ఉండబట్టలేక అడిగాను.

"మీసం పెంచితే, ఫలానావాని కొడుకు ఎదిగినాడు అంటారు టీచరమ్మా," అన్నాడు. "నున్నగా ఉంటే ఇంగా పిల్లోడే అనుకుంటారు. అనుకోనీ."

ఆయన చిన్నతనంలో వాళ్లు జమ్మలమడుగు వైపు, పెన్న ఒడ్డున ఒక పల్లెలో ఉండేవాళ్లు. ఆ చుట్టుపక్కల రెండు పెద్దిండ్లకు పడదు. తర్వాతి కాలంలో ఒక ఇంటి మీద ఒక పార్టీ జెండా, రెండో ఇంటి మీద ఇంకో పార్టీ జెండా ఎగిరాయిగానీ కొట్లాట మాత్రం జెండాల కంటే పాతది. సారు వాళ్ల నాయన అందులో ఒక ఇంటి మనిషి. ఒక ఉదయం జీపెక్కి పోయాడు. జీపు తిరిగి వచ్చింది, ఆయన రాలేదు. ఏటికి అవతలి పల్లె దగ్గర దిగాడన్నారు. చంపేశారని కొందరు, కర్ణాటకలో పేరు మార్చుకుని బతుకుతున్నాడని కొందరు. శవం దొరకలేదు. శవం లేకపోతే మాకు కేసూ లేదు, కర్మా లేదు. భార్య బొట్టు తీయడమూ లేదు. ఆ తల్లి పసివాణ్ణి ఎత్తుకుని ప్రొద్దుటూరు వచ్చి, కుట్టుమిషను పెట్టుకుని, నుదుటిన పెద్ద బొట్టుతో ఎదురుచూస్తూ కూర్చుంది.

సారుకు తమ్ముడు వరస, చిన్నాయన కొడుకు ఒకడు అప్పుడప్పుడు పల్లె నుంచి వచ్చేవాడు. మర్యాదైన మనిషి. వచ్చినప్పుడల్లా పెద్దమ్మకు చీనీకాయలు తెచ్చేవాడు. కాళ్లకు దండం పెట్టి ఒకటే మాట అడిగేవాడు. "ఏమన్నా తెలిసిందా పెద్దమ్మా? ఎవురనేది తెలిసిన రోజు నాకు జెప్పు. మిగతాది నేను జూసుకుంటా." ఆ మాట అంత నెమ్మదిగా అనేవాడు కాబట్టే వాడు వస్తే నేను వంటింట్లోకి తప్పుకునేదాన్ని.

ఇలాంటి మనిషి నాటకం రాశాడు. అదీ నవ్వుల నాటకం. బడిలో హెడ్మాస్టరు ఒక పిల్లవాణ్ణి, "మీ నాయనను పిల్చుకుని రా, లేకుంటే లోపలికి రానియ్యను" అంటాడు. పిల్లవాడికి నాయన లేడు. అందుకని "మీలో ఒకరు పైకి రావాలి" అంటూ జనంలోకి దిగి, అద్దెకు ఒక నాయన కోసం వెతుకుతాడు. పిల్లవాడి వేషం సారుదే, నిక్కరు వేసుకుని, ఆ నున్నటి మూతితో. అమ్మ వేషం నాది. డోలక్ వాయించే మామ ఒకాయన మాతో ఉండేవాడు, హెడ్మాస్టరు కూడా ఆయనే. అంతే మా జట్టు.

అసలు తమాషా నాయన దొరికాకే. వేదిక వెనక ఒక నల్లగుడ్డ కట్టేవాళ్లం. జనంలోంచి వచ్చినవాణ్ణి దానికి ఆనించి నిలబెట్టి, సారు సుద్దముక్కతో వాడి చుట్టూ గీత గీసేవాడు, నాయన కొలత సరిపోయిందో లేదో చూడాలని. గీస్తూ గీస్తూ అడిగేవాడు: "నాయనా, యాడికి పోయినావు ఇన్నేండ్లు?" దానికి వచ్చినవాడు తోచింది చెప్పాలి. ఎవరికీ ముందుగా ఏమీ నేర్పేవాళ్లం కాదు. చివరికి సారు నా వైపు తిరిగి, "అమ్మా, ఈ నాయన కుదిరినాడా?" అంటాడు. నేను నడుము మీద చేయి వేసుకుని, "ఈన మీ నాయన కాదురా. యాడ పట్టుకొచ్చినావో ఆడనే ఇడిసిపెట్టి రా!" అనాలి. జనం పడీపడీ నవ్వేవాళ్లు.

చిలమకూరు సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర ఆడినప్పుడు ఒకాయన షిఫ్టు దిగి నేరుగా వచ్చాడు, కనుబొమల దాకా బూడిద రంగు. యాడికి పోయినావంటే "డూటీలో ఉండా" అన్నాడు. జనంలోంచి ఆయన కూతురే కాబోలు, "నిజమే! మా నాయన ఎప్పుడూ డూటీలోనే!" అని అరిచింది. పులివెందులలో ఒక షోకిలా "రెండో సంసారం కాడికి" అన్నాడు. అతగాడి భార్య ఆడవాళ్ల వైపు నుంచి లేచి కొంగు బిగించింది. నాటకం అక్కడితో ఆపి ఇద్దరికీ నచ్చజెప్పడానికి మేం పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు.

నా తండ్రి గుడి పూజారి. ఎప్పుడూ ఇంట్లోనే ఉండేవాడు, అది ఇంకో రకం కష్టం. కూతురు వేదికెక్కుతానంటే మూడు రోజులు మాట్లాడలేదు. చివరికి, పగటిపూట ఆడే నాటకమైతే సరేనన్నాడు. మా నాటకాలన్నీ ఎలాగూ పగటివే. పల్లెల్లో చీకటి పడితే జనం గుమిగూడడానికి పెద్దలే ఒప్పుకునేవాళ్లు కాదు. ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఏ పల్లెకు పోయినా ముందు రెండు పెద్దిండ్లకూ పోయి చెప్పుకోవాలి, రెండిండ్లలోనూ కాఫీ తాగాలి. ఒకచోట తాగి ఒకచోట మానితే ఆ ఇంటి మనుషులమైపోతాం. మా డోలక్ మామకు కాఫీ పడదు, అయినా ప్రాణభయంతో రెండుసార్లు తాగేవాడు.

ఒకసారి బస్సులో అడిగాను, ఈ నాటకమే ఎందుకు, వేరే ఏదైనా రాయకూడదా అని. సారు కిటికీలోంచి చూస్తూ చెప్పాడు.

"ఇంటికాడికి పోయి, మా నాయన యాడప్పా అని అడిగితే నరుకుతారు. స్టేజీ మీద అడిగితే చప్పట్లు కొడతారు. యా పల్లెలో ఎవురో ఒకరికి తెలిసుంటాది గదా టీచరమ్మా. నవ్వులో నోరు జారకపోతారా?"

ఆ రోజు నుంచి నేను నటించిందంతా భయమే. జనంలోంచి ఎవరు లేచినా, తెలిసినవాడు వీడేనేమో అని వణికేదాన్ని. సారుకు అది నచ్చేది. "భయపడు. బాగుండాది. మాటలు తొందరగా వస్తాండాయి," అనేవాడు.

వాళ్లమ్మ ఒకసారి రిహార్సలు చూడటానికి వచ్చింది. నేను కన్నీళ్లు పెట్టుకుంటూ ఆమె పాత్ర వేస్తుంటే కాసేపు ఓర్చుకుని, "అట్ల ఏడ్సాకు మే," అంది. "నేను ఏడ్సలేదు. తిట్టినా. ఇప్పటికీ తిడతాండా. సచ్చినోన్నెవురన్నా తిడతారా? ఉండాడు కాబట్టే తిడతాండా." అని, తన డబ్బాలోని కుంకుమతోనే నా బొట్టు కొంచెం పెద్దది చేసింది. మేం పల్లెల నుంచి తిరిగి వచ్చినప్పుడల్లా ఆమె మిషను ఆపి, "ఈపొద్దు ఎవురొచ్చినార్రా నాయనగా?" అని అడిగేది. సారు ఆ మనిషి నడక, గొంతు, నిలబడే తీరు అన్నీ చేసి చూపించేవాడు. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

అలా ఉండగా ఏటికి అవతలి పల్లె నుంచి పిలుపు వచ్చింది, తిరునాళ్లకు మీ నాటకం ఆడాలని. వాళ్ల నాయన జీపు దిగాడన్న పల్లె. ఆ కబురు విన్నప్పుడు సారు పిల్లలకు ఏనుగు బొమ్మ నేర్పిస్తున్నాడు. తొండం గీయడం మర్చిపోయి బోర్డు తుడిచేశాడు. వద్దని నేను బతిమాలాను. "పిలిచినాక పోకుంటే ఎందుకు రాలేదనుకుంటారు. పోదాం," అన్నాడు. పసితనంలోనే ఊరు వదిలినవాణ్ణి అక్కడ గుర్తుపట్టేవాళ్లుండరని ఆయన లెక్క.

రెండు కాఫీలు తాగి, బడి అరుగు మీద నాటకం మొదలుపెట్టాం. ఎండ ఇంకా తగ్గలేదు. ఒక ఇంటివాళ్లు ఈ పక్క, ఒక ఇంటివాళ్లు ఆ పక్క, నడుమ బండి పోయేంత దారి వదిలి కూర్చున్నారు. నల్లగుడ్డ కట్టగా మిగిలిన పురికొస ఉండ అరుగు అంచున ఉంది. డోలక్ మామ కాలు తగిలి అది కింద పడి, దొర్లుకుంటూ సరిగ్గా ఆ దారి మధ్యకు పోయింది.

నాటుబాంబును చుట్టేది కూడా పురికొసతోనే. ఎవరో ఒక్క కేక వేశారు. అంతే, తిరునాళ్ల జనమంతా మాయం. చెప్పులు, పిల్లల బూరలు, ఒక ముసలమ్మ వక్కాకు సంచి మాత్రం మిగిలాయి. నేను నల్లగుడ్డ వెనక దాక్కున్నాను, బాంబు పేలితే గుడ్డ కాపాడుతుందన్నట్టు.

ఒకే ఒక ముసలాయన మాత్రం కూర్చున్న రాయి మీద నుంచి కదలలేదు. నెమ్మదిగా వంగి, ఉండను తీసుకుని, అరచేతిలో పైకీ కిందికీ ఆడించి చూశాడు. "పురికొస ఉండరా ఇది. రాండి, రాండి. ఇంత తేలిగ్గా ఉంటాదా అది?" అన్నాడు. జనం సిగ్గుగా నవ్వుకుంటూ, చెప్పులు వెతుక్కుంటూ తిరిగి వచ్చారు.

మామూలుగా సారు జనంలో బాగా లావుపాటివాణ్ణో, బాగా సిగ్గరినో ఎంచుకునేవాడు. ఆ రోజు నేరుగా ఆ ముసలాయన దగ్గరికి పోయాడు. నేను వెనక నుంచి వద్దు వద్దని తల ఊపుతూనే ఉన్నాను. చూడలేదో, చూసీ చూడనట్టున్నాడో.

"నువ్వు రాప్పా. ధైర్యముండేది నీ ఒక్కనికే. మా నాయనగా నిలబడు."

ముసలాయన అరుగెక్కాడు. ఎక్కగానే ఆయనే, కత్తి ఏదైనా ఉందేమోనని, సారు నడుము రెండు పక్కలా తడిమి చూశాడు. చేతిలో ఏముందో చూపించమన్నాడు. సుద్దముక్క. జనం నవ్వారు. అప్పుడు గుడ్డకు ఆనుకుని నిలబడ్డాడు. సారు పాదం దగ్గర గీత మొదలుపెట్టాడు.

"నాయనా, యాడికి పోయినావు ఇన్నేండ్లు?"

"యాడికీ పోలేదు. ఈడనే ఉండా."

"ఈడనే ఉంటే ఇంటికి రాకూడదా?"

"ఎట్ల వచ్చేది? ఏరు అడ్డం గదా."

"ఏట్లో నీళ్లు యాడుండాయి నాయనా? ఉండేదంతా ఇసకే గదా?"

"ఆ ఇసకలోనే," అన్నాడు ముసలాయన.

కొందరు నవ్వారు. కొందరు నవ్వలేదు. నవ్వనివాళ్లు ఎవరో చూడాలంటే నాకు భయమేసింది. సారు చేతిలో సుద్దముక్క భుజం దాకా వచ్చింది. తర్వాతి ప్రశ్న నాటకంలో లేదు.

"పరిగెత్తింటే బతికేటోనివి గదా నాయనా."

"పరిగెత్తినా. కాల్లో ముల్లు ఇరిగుండె. ముల్లు లేకుంటే దొరికేటోన్ని కాదు."

జనం గొల్లుమన్నారు. సుద్దముక్క రెండుగా విరిగి కింద పడింది. ముసలాయన తల తిప్పి, మొదటిసారి, సారు ముఖంలోకి దగ్గరగా చూశాడు. కళ్లు, ముక్కు, నున్నటి పైపెదవి, తొందరేమీ లేకుండా అన్నీ చూశాడు.

"నువ్వేం జేస్తాండావురా కొడకా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో రెండు పక్కలా చప్పుడు ఆగిపోయింది. మా సీమలో నాయన లేని కొడుకును, పగ తీర్చుకుంటాడేమో కనుక్కోవడానికే ఆ ప్రశ్న అడుగుతారని అక్కడ కూర్చున్న పసిపిల్లలకు కూడా తెలుసు.

"బొమ్మలు గీస్తాండా నాయనా," అన్నాడు సారు. "పిల్లోల్లకు నేర్పిస్తాండా."

"ఇంగేమీ జేయవా?"

"ఇంగేమీ రాదు నాయనా నాకు."

ముసలాయన తల ఊపాడు. "శానా మంచిది," అన్నాడు. నాటకం అలా ముగియకూడదు, నవ్వుతో ముగియాలి. సారు చెమట తుడుచుకుని నా వైపు తిరిగి, రోజూ అన్నట్టే, "అమ్మా, ఈ నాయన కుదిరినాడా?" అన్నాడు. ఎలాగో, "ఈన మీ నాయన కాదురా. యాడ పట్టుకొచ్చినావో ఆడనే ఇడిసిపెట్టి రా," అన్నాను. గొంతు వణికింది. ఎంత బాగా చేస్తాంది అని జనం చప్పట్లు కొట్టారు.

జమ్మలమడుగు బస్సులో డ్రైవరు వెనక సీటే దొరికింది. సారు నా చెవిలో పడేంత మెల్లగా చెప్పాడు.

"ఆ పొద్దు మా నాయన కాల్లో ముల్లు ఇరిగింది. మా అమ్మ పిన్నీసు పట్టుకుని కూచున్నింది, తీస్తానని. జీపోడు హారను కొడతాంటే ఆయన ఆగలేదు. ఆ ముల్లు సంగతి మా అమ్మకూ, ఆమె చెప్తే నాకూ తప్ప ఎవురికీ తెలీదు టీచరమ్మా. ఎనక పరిగెత్తినోనికి తప్ప."

"అమ్మకు చెబుతారా?"

"చెప్తే రేపు బొట్టు తీస్తాది. ఎల్లుండి మా తమ్ముడొస్తాడు, ఎవురు చెప్పినారని. ఆ ముసిలాయనకూ కొడుకులుంటారు గదా."

వెనక అద్దంలోంచి చూస్తే ఒక జీపు వస్తోంది. మేం ఆగిన చోటల్లా ఆగింది. ఊరి మొగదల దాకా వచ్చి ఇంకో దారిన పోయింది. అది ఎవరిదో ఈనాటికీ నాకు తెలియదు.

ఇంటికి పోగానే ఆ తల్లి మిషను ఆపి అడగనే అడిగింది, ఎవురొచ్చినార్రా నాయనగా అని. నేను గుమ్మంలోనే ఉన్నాను. సారు పొట్ట ముందుకు తోసి, బుగ్గలు పూరించి, ఆయాసపడుతూ అరుగెక్కే ఒక లావుపాటి మనిషిని చేసి చూపించాడు. అలాంటి మనిషి ఆ రోజు రానేలేదు. ఆమె కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వింది. నేను మంచినీళ్లు తాగే నెపంతో లోపలికి పోయాను.

ఇక ఆ నాటకం జోలికి పోవద్దన్నాను. సారు వినలేదు. "ఇప్పుడు ఆపితే తెలిసిందనుకుంటారు," అన్నాడు. అదీ నిజమే. ఆ ఎండాకాలమంతా ఆడాం. జవాబు తెలిసిన ప్రశ్నను ఊరూరా నిక్కరు వేసుకుని అడిగాడు. నాయనా, యాడికి పోయినావు ఇన్నేండ్లు? బెంగుళూరు అని ఒకడు, జైలుకు అని ఒకడు, ఏదో ఒకటి చెప్పేవాళ్లు. సారు ప్రతి జవాబుకూ కొత్తగా విన్నట్టు నోరు తెరిచేవాడు. ఆయన అంత బాగా నవ్వించిన కాలం ఇంకొకటి లేదు. నాకు ఆయనంటే గౌరవం, జాలి, వీటన్నిటినీ మించి ఆయన పక్కన నిలబడాలంటే భయం. వానలు పడగానే నాటకం ఆపేశాడు, ఎవరికీ అనుమానం రాకుండా.

చాలా ఏళ్లకు ఆ తల్లి పోయింది. పొద్దున్నే కబురొస్తే పోయాను. వరండాలో పడుకోబెట్టారు. పల్లె నుంచి తమ్ముడు వచ్చాడు. అప్పటికి వాడు పార్టీలో పెద్దవాడు, బయట మూడు బండ్ల నిండా మనుషులున్నారు. ఆడవాళ్లు పసుపు నీళ్లు పోశారు, కొత్త చీర కప్పారు. నేను కుంకుమ పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. అంతలో ఒక పెద్దావిడ చేయి అడ్డం పెట్టింది.

"ఉండండి మే. ముత్తయిదువగా పంపేదా, కాదా? దానికో పద్ధతుండాది." సారు వైపు తిరిగింది. "చెప్పప్పా. మీ నాయన ఉన్నట్టా, లేనట్టా?"

అందరూ ఆయన వైపు చూశారు. తమ్ముడు తల ఎత్తాడు. లేడు అంటే, నీకెట్ల తెలుసన్న ప్రశ్న వాడి నోటి దాకా వచ్చి ఉంది. అది నాకు కనబడింది. సారు తల్లి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. నవ్వించే మాట ఏదైనా అంటాడేమోనని ఒక్క క్షణం అనుకున్నాను. అనలేదు.

"ఉండాడు," అన్నాడు. "పూలు పెట్టండి."

"ఉంటే రాడా?" తమ్ముడు మెల్లగా అడిగాడు. "పెండ్లాం పోతే గూడా రాడా పెద్దనాయన?"

"ఉండాడు. రాడు."

నేను వంగి బొట్టు పెట్టాను. ఎవరో పూలు అందించారు. తమ్ముడు కాసేపు అన్న ముఖంలోకి చూశాడు. తర్వాత తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, పాడె కట్టడానికి బయటికి పోయాడు.